మెరుగు పెట్టించాలా, చెరిపించాలా?

మా నాయనమ్మకు ఒక బంగారు కంటె ఉండేది. నేను బి.ఏ. చదివే రోజుల్లో ఇంట్లో ఏదో అవసరం వచ్చి దాన్ని చెరిపించారు. అవసరానికి పోగా మిగిలిన బంగారంతో నాకో గొలుసు చేయించారు. గొలుసు బాగానే ఉంది. ఇప్పటికీ నా మెళ్లోనే ఉంది. "బంగారం ఏడికి పోయింది బిడ్డా, గదే గిది" అంటుంది అమ్మ. తరుగు పోను, తూకం లెక్కన నిజమే. కాని నాయనమ్మ మెడ చుట్టూ మెరిసిన ఆ కంటె ఏదీ?

ఆడవాళ్ల జీవితంలో ఈ ప్రశ్న ఎన్నిసార్లు ఎదురవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. అమ్మ పెళ్లినాటి పట్టుచీర చేతికొస్తే పాలిష్ పట్టించి బీరువాలో దాచుకోవాలా, కత్తెర పెట్టి కూతురికి పరికిణీ కుట్టించాలా? అత్తగారి ఇత్తడి గుండిగను చింతపండుతో తోమి ముందుగదిలో పెట్టుకోవాలా, కొట్లో ఇచ్చేసి రెండు కొత్త గిన్నెలు తెచ్చుకోవాలా? పాతవస్తువు దగ్గర మనకు రెండే దారులు. మెరుగు పెట్టించడం ఒకటి, చెరిపించి చేయించుకోవడం మరొకటి.

ఇది మన ప్రశ్నేననీ, మగవాళ్లకు దీంతో పనిలేదనీ చాలాకాలం అనుకున్నాను. నిరుడు దసరాకు దేవరకొండ వెళ్లినప్పుడు తెలిసింది, వాళ్లకూ ఉందని. కాకపోతే వాళ్ల కంటె ఇనుముతో చేసింది. దానికి రెండు చక్రాలుంటాయి.

మా నాయిన పశువుల దవాఖానలో కాంపౌండరుగా పనిచేశారు. ఆయనకొక జావా మోటార్ సైకిలు ఉండేది. 1971లో తయారైన బండి. నాయిన దాన్ని 1981లో హైదరాబాదులో సెకండ్ హ్యాండులో కొన్నారు. మెరూన్ రంగు, టాంకుకు రెండు పక్కలా తళతళలాడే క్రోమియం పూత, మోకాళ్లు ఆనించుకోవడానికి రబ్బరు దిళ్లు. ఒక్క సిలిండరుకు రెండు పొగగొట్టాలు. పెట్రోల్లో ఆయిలు కలిపి పోస్తే తప్ప నడవదు. కిక్కు కొట్టే రాడ్డే గేరు రాడ్డు కూడాను. స్టార్టయ్యాక అదే రాడ్డును ముందుకు వాల్చి గేరు వేసుకోవాలి. పొదుపు తెలిసిన ఇల్లాలెవరో చేసిన ఏర్పాటులా ఉండేది. దాని చప్పుడు ఊరి పొలిమేరలో వినిపించగానే "డాక్టరు సాబు వస్తుండు" అని పశువుల్ని పట్టుకుని ఎదురొచ్చేవాళ్లు. కాంపౌండరును డాక్టరనడం మా పల్లెల మర్యాద.

నాయిన పోయి ఆరేళ్లయింది. బండి కొట్టంలో టార్పాలిన్ కిందికి చేరింది. కోళ్లు దాని సీటు కింద గుడ్లు పెట్టుకుంటున్నాయి. ఆ రోజు తమ్ముడి కారుకూ, మేనల్లుడి బండికీ పూజ చేస్తుంటే అమ్మ, "కొట్టంల దానికి గూడ నాలుగు బంతిపూలు పెట్టుండ్రి" అంది. టార్పాలిన్ తీశారు. అక్కడ మొదలైంది గొడవ.

"1971ల మైసూరు ఫ్యాక్టరీ గేటు దాటినప్పుడు ఎట్లుండెనో అట్లనే చేయిస్త. ఒక్క బోల్టు గూడ తేడా రావద్దు" అన్నాడు తమ్ముడు.

"అట్ల చేసి మ్యూజియంల పెడ్తవా డాడీ?" అన్నాడు మేనల్లుడు. హైదరాబాదులో ఇంజనీరింగు చదువుతున్నాడు. వాడి ఆలోచన వేరు. హ్యాండిలు కిందికి దించాలి. వెనక మడ్‌గార్డు సగానికి కోయించాలి. సీటు ఒక్కరికి సరిపోయేలా కురచ చేయించాలి. ఒళ్లంతా నల్లరంగు కొట్టించాలి. "అత్తమ్మా, నువ్వు చెప్పు" అని నావైపు తిరిగాడు.

నాకు క్లచ్చుకూ బ్రేకుకూ తేడా తెలియదు. ఐనా కంటె జ్ఞాపకం అలాంటిది, వెంటనే తమ్ముడి పక్షం చేరాను. మడ్‌గార్డు కోస్తామంటే నా మెళ్లో గొలుసు చురుక్కుమంది. "తొందరపడకండి, సంక్రాంతికి మాట్లాడుకుందాం" అని వాయిదా వేసి, ఆ మూడు నెలలూ నవల పక్కన పెట్టి మోటార్ సైకిళ్ల చరిత్ర చదువుతూ కూర్చున్నాను. చరిత్ర ఒకప్పుడు నా సబ్జెక్టేగా!

ముందు జావా సంగతి. ఆ పేరు వింటే ఎవరికైనా ద్వీపం గుర్తొస్తుంది. నేనూ అలాగే అనుకున్నాను. ద్వీపానికీ బండికీ ఏ చుట్టరికమూ లేదు. 1929లో చెకొస్లొవేకియాలో ఫ్రాంటిసెక్ యానెచెక్ అనే ఆయుధాల తయారీదారు, వాండరర్ అనే జర్మన్ కంపెనీ నుంచి మోటార్ సైకిలు తయారీ హక్కులు కొన్నాడు. ఇంగ్లీషు బడిలో అక్షరాలు చెప్పినట్టు చెప్పాలంటే, తన ఇంటిపేరులోంచి జె.ఎ., వాండరర్ లోంచి డబ్ల్యు.ఎ. తీసి అతికించాడు. అదీ జావా. మన దేశంలో 1960లో మైసూరులో ఐడియల్ జావా అనే కంపెనీ వెలిసింది. రుస్తుం ఇరానీ అనే పారిశ్రామికవేత్త స్థాపిస్తే, మైసూరు మహారాజు జయచామరాజ వడయారు అండగా నిలిచారు. మరుసటి ఏటి నుంచి బండ్లు రోడ్డెక్కాయి. 1970లలో పేరు యెజ్డీగా మారింది. 1996లో ఫ్యాక్టరీ మూతపడింది.

బుల్లెట్టు కథ మరీ విచిత్రం. రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంగ్లండులోని రెడిచ్ పట్నానికి చెందిన కంపెనీ. బుల్లెట్టు అనే పేరు 1930ల తొలి రోజుల నుంచీ ఉంది. స్వాతంత్ర్యం వచ్చాక మన సైన్యానికీ పోలీసులకూ గట్టి బండి కావలసి వచ్చి దీన్ని ఎంచుకున్నారు. 1955లో మద్రాసు మోటార్స్ వారితో పొత్తు కుదిరి, తిరువొత్తియూరు ఫ్యాక్టరీలో తయారీ మొదలైంది. తొలి రోజుల్లో విడిభాగాలు ఓడల్లో వస్తే ఇక్కడ బిగించేవారు. తరవాత అన్నీ ఇక్కడే చేసుకోవడం నేర్చుకున్నారు. ఇంతలో 1967లో రెడిచ్ ఫ్యాక్టరీ మూతపడింది. 1970కల్లా ఇంగ్లండులో ఆ బండ్ల తయారీయే ఆగిపోయింది. పుట్టింట్లో దీపం ఆరిపోయింది, అత్తవారింట్లో వంశం నిలిచింది. 1977లో ఇదే బుల్లెట్టు మద్రాసు నుంచి తిరిగి ఇంగ్లండుకు ఎగుమతి అయింది! తెల్లవాళ్లు తమ తాతలనాటి బండిని మన దగ్గర కొత్తగా కొనుక్కున్నారు.

మద్రాసువాళ్లు దాన్ని అలాగే ఉంచింది భక్తితో మాత్రమే అనుకోకండి. ఆ రోజుల్లో మన దేశంలో పోటీ తక్కువ, కొనేవాళ్లు క్యూలో నిలబడేవారు. మార్చాల్సిన అగత్యం రాలేదు. కొన్ని పాతవస్తువులు మన ఇళ్లల్లోనూ అలాగే నిలుస్తాయి కదా, ప్రేమవల్ల కొన్ని, మార్చే స్తోమతు లేకపోవడంవల్ల కొన్ని!

మూడోది రాజ్‌దూత్. పోలండు దేశపు నమూనా మీద ఎస్కార్ట్స్ కంపెనీ తయారుచేసింది. 1973లో 'బాబీ' సినిమా వచ్చాక ఇందులోనే ఒక బుల్లి బండికి జనం 'బాబీ' అని పేరు పెట్టుకున్నారు.

మా నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో నా చిన్నతనంలో చప్పుడును బట్టే మనిషి ఎవరో తెలిసిపోయేది. గుండెలో గుద్దినట్టు డబ్ డబ్ డబ్‌మని వస్తే బుల్లెట్టు. దాని మీద ఉంటే సబిన్‌స్పెక్టరు, లేకపోతే పెద్ద భూస్వామి. పిల్లలం అరుగుల మీంచి లేచి నిలబడేవాళ్లం. రాజ్‌దూత్ అయితే పాలాయన. అటొకటి ఇటొకటి క్యాన్లు తగిలించుకుని, తెల్లవారకముందే వెళ్లిపోయేవాడు. జావా నాయినలాంటి చిన్న ఉద్యోగస్తులది. 1985 ప్రాంతంలో జపాను సాంకేతికంతో వందసీసీ బండ్లు వచ్చాయి. తేలిక బండ్లు, పెట్రోలు తక్కువ తాగేవి. పదేళ్లు తిరిగేసరికి పాతవన్నీ కొట్టాల్లోకీ, తుక్కు దుకాణాల్లోకీ పోయాయి. ఆ తుక్కులోంచే ఇవాళ పిల్లలు వాటిని వెతికి వెతికి తెచ్చుకుంటున్నారు. 2018లో జావా పేరుతో కొత్త బండ్లు కూడా వచ్చాయి, చూడ్డానికి పాతవాటిలాగే ఉంటాయి. నగల షాపుల్లో 'యాంటిక్ డిజైన్' అని అమ్ముతారే, అలాగన్నమాట.

ఇక చెరిపించే వాళ్ల చరిత్ర. ఇదీ చిన్నదేం కాదు. రెండో ప్రపంచయుద్ధం తరవాత ఇళ్లకు తిరిగొచ్చిన అమెరికన్ కుర్రాళ్లు, బరువైన బండ్ల మడ్‌గార్డులు కోసిపారేసి తేలిక చేసుకున్నారు. అది ముదిరి, ముందుచక్రం ఎక్కడో బారెడు దూరంలో ఉండే 'చాపర్' బండ్లయింది. 1969లో 'ఈజీ రైడర్' అనే సినిమా వాటిని ప్రపంచమంతా తిప్పింది. అందులో కనిపించే బండ్లను తయారుచేసినవాళ్లలో క్లిఫ్ వాస్, బెన్ హార్డీ అనే ఇద్దరు నల్లజాతివాళ్లున్నారు. చాలా ఏళ్లపాటు వాళ్ల పేర్లు ఎవరికీ పట్టలేదు. అటు లండన్‌లో 1950లలో కుర్రాళ్లు టీ కొట్ల దగ్గర చేరి, హ్యాండిళ్లు కిందికి దించి, ఒక కంపెనీ చట్రంలో మరో కంపెనీ ఇంజను బిగించి పందేలు వేసుకున్నారు. వాటికి 'కెఫే రేసర్' అని పేరు. మా మేనల్లుడి మనసులో ఉన్నదీ అదే. వాడు కొత్తదనుకుంటున్నది వాడి తాత పిల్లవాడుగా ఉన్నప్పటిదన్నమాట!

ఇంకో తమాషా ఉంది. అప్పుడు ముసలివాళ్లు "బంగారంలాంటి బండి పాడుచేశార్రా" అని తిట్టిన ఆ బండ్లనే ఇవాళ అభిమానులు అపురూపంగా చూసుకుంటున్నారు. ఆ రోజుల్లో చేసిన మార్పులు చెక్కుచెదరకుండా కాపాడుతున్నారు. ఒకనాటి చెరుపు ఇవాళ్టి కంటె అయింది. ఇది చదివినప్పుడు నా తీర్పు కొంచెం కదిలింది.

చట్టం మాత్రం తమ్ముడి పక్షమే. మోటారు వాహనాల చట్టంలో 52వ సెక్షను ప్రకారం, కంపెనీ తయారుచేసిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చడానికి వీల్లేదు. 2019 జనవరిలో సుప్రీం కోర్టు కూడా ఆ మాటే గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్టాన్ని సవరించినప్పుడు, అనుమతి లేకుండా మార్చిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పెట్టారు. మార్చిన సైలెన్సర్లను రోడ్డు మీద వరసగా పరిచి పోలీసులు రోడ్డు రోలరుతో తొక్కించే ఫోటోలు మీరూ పేపర్లో చూసే ఉంటారు. అర్ధరాత్రి పసిపిల్లలు ఉలిక్కిపడి లేచే ఇళ్లవాళ్లం, ఆ ఫోటో చూసి మనం బాధపడలేదనుకోండి!

మరోపక్క 2021 జులైలో కేంద్రం పాతబండ్లకు ప్రత్యేకంగా నియమాలు తెచ్చింది. మొదటి రిజిస్ట్రేషను నుంచి 50 ఏళ్లు దాటి, అసలు రూపం చెడకుండా ఉన్న బండిని 'వింటేజ్' కింద నమోదు చేయించుకోవచ్చు. కొత్తగా నంబరు తీసుకుంటే ఫీజు 20,000 రూపాయలు, గడువు పదేళ్లు. కాని అలాంటి బండి మీద రోజూ బజారుకు వెళ్లడానికి వీల్లేదు. ప్రదర్శనలకూ, ర్యాలీలకూ, మరమ్మతుకూ మాత్రమే తీయాలి. మా జావాకు 50 దాటాయి. తమ్ముడి కళ్లు ఆ సర్టిఫికెట్టు మీద పడ్డాయి.

పాతవాటికి పూర్వరూపం తేవడమంటే మన ప్రాంతంలో గొప్ప ఉదాహరణ ఒకటుంది, మోటార్ సైకిలు కాదు. అమ్మ పుట్టిల్లు అచ్చంపేట, పాత మహబూబ్‌నగర్ జిల్లా. అటు వెళ్లినప్పుడు ఒకసారి అలంపురం జోగుళాంబ దర్శనానికి వెళ్లాం. శ్రీశైలం ప్రాజెక్టు నీళ్లలో మునిగిపోతుందని, కృష్ణా తుంగభద్రలు కలిసే చోట ఉన్న కూడలి సంగమేశ్వరాలయాన్ని విప్పి, రాయి రాయిగా తెచ్చి అలంపురంలో మళ్లీ నిలబెట్టారు. ఆ గుడి చూస్తే ఎక్కడా అతికినట్టుండదు. తమ్ముడు తన వాదనకు ఆ గుడినే తెచ్చాడు. "రాయి మారలె, వరస మారలె. బండి గూడ గంతే" అన్నాడు.

ఇంకో ఉదాహరణ ఆ జిల్లా పేరులోనే ఉంది. పాలమూరు 1890లో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ పేరు మీద మహబూబ్‌నగర్ అయింది. ఆ నిజాము రోల్స్ రాయిస్ కారుకు ఆర్డరిచ్చి, అది చేరకముందే 1911లో కన్నుమూశాడు. లోపల సింహాసనంలాంటి సీటున్న ఆ పసుప్పచ్చ కారు ఏవో కొన్ని ఉత్సవాలకు తప్ప బయటికి రాలేదు. ఇవాళ చౌమహల్లా ప్యాలెస్‌లో కొత్తపెళ్లికూతురులా మెరుస్తోంది. దాన్ని చూసినప్పుడు తోచింది. ఆ కారును పూర్వరూపానికి తేవడం ఒక విధంగా తేలికే, ఎందుకంటే దానికి ఏమీ జరగలేదు. జీవితం గడిపిన బండి సంగతేమిటి?

సంక్రాంతి ముందు బండిని ట్రాలీ ఆటోలో ఎక్కించి నల్లగొండ గడియారం సెంటరు దగ్గరి మెకానిక్కు వద్దకు తీసుకెళ్లాం. పాతబండ్లు బాగుచేయడంలో చేయి తిరిగిన మనిషి. అందరూ 'ఉస్తాద్' అంటారు. అమ్మకు కళ్ల డాక్టరు దగ్గర పనుంటే తనూ వచ్చింది. ఉస్తాద్ ఆమెకు స్టూలు వేసి, టీ తెప్పించి, బండి చుట్టూ రెండుసార్లు తిరిగాడు. టాంకు మీది రబ్బరు దిండు ఊడదీసి, దాని కింద ఎండ సోకని మెరూన్ రంగు చూపించాడు. "గిదమ్మా అసలు రంగు. దీన్ని చూసి కలుపుకుంటే తేడా రాదు" అన్నాడు. క్రోమియం పూత ఎలా వేస్తారో చెప్పాడు. తుప్పంతా గీకి, సాన పట్టి, ముందు రాగి, తరవాత నికెలు, ఆపైన క్రోమియం. సాన పట్టిన ప్రతిసారీ రేకు కొంచెం పలచనవుతుందట. మెరుగులోనూ తరుగుందన్నమాట! దొరకని సామాన్లకు హైదరాబాదు రాణీగంజ్, పుత్లీబౌలి గల్లీలు తిరగాలట. ఇంజను నంబరు, చాసిస్ నంబరు ఆర్సీలో ఉన్నవే ఉండాలి, లేకపోతే బండి బండే కాదట.

తరవాత తీసిపారేయాల్సిన వాటి జాబితా చెప్పాడు. "గివన్నీ కంపెనీవి కావు. ఎవరో బయట చేయించిండ్రు."

ఒకటి, ఎడమపక్క ఇనపడబ్బా. పశువుల టీకా మందుల ఐసు ఫ్లాస్కు పెట్టుకోవడానికి నాయిన మా ఊరి కమ్మరితో చేయించుకున్నారు. రెండు, టాంకు మీద రెగ్జిను మెత్త. అమ్మ కుట్టింది. నేను ఐదేళ్లదాన్ని, నాయిన చేతుల మధ్య ఆ మెత్తమీద కూచుని, సీతాఫలాల కాలంలో అచ్చంపేట వెళ్లేదాన్ని. మూడు, వెనక చక్రానికి మామూలుకన్న మూడింతలుండే ఇనప జాలీ. నాలుగు, దాని కింద తుమ్మచెక్క కాలిపీట.

జాలీకీ కాలిపీటకీ కథ ఉంది. బండి కొన్నప్పుడు దానికి చీర గార్డు లేదు. ముందటాయన తీసేసి ఉంటాడు. 1983 సంక్రాంతికి పుట్టింటికి పోతుంటే డిండి దగ్గర అమ్మ కొంగు చక్రంలో చుట్టుకుంది. కిందపడి కుడిచెయ్యి విరిగింది. పదిహేను రోజులు తిరక్కుండా నాయిన ఆ జాలీ చేయించారు. ఒక పక్కకు కూచుంటే రెండు కాళ్లూ ఆనడానికి చోటుండదని, చెక్క తనే చెక్కి బిగించారు. అమ్మ మోచేతి దగ్గర ఎముక ఇప్పటికీ కాస్త వంకరే.

ఆ మాటకొస్తే, చీర గార్డుకు మించిన మార్పు మోటార్ సైకిలు చరిత్రలో ఏముంది? ఇంగ్లండువాళ్ల బుల్లెట్టుకు అది లేదు. చీరకట్టుకుని, చంకన పిల్లనెత్తుకుని, ఒక పక్కకు కూచునే ఆడమనిషి వాళ్ల లెక్కలోనే లేదు. ఆమెకోసం మనవాళ్లు బండిని మార్చారు. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో అది తప్పనిసరి కూడా అయింది. వెనక కూచునేవాళ్ల బట్టలు చిక్కుకోకుండా వెనకచక్రాన్ని సగానికి తగ్గకుండా కప్పాలని, పట్టుకోవడానికి పిడి, కాళ్లకు ఆనిక ఉండాలని 123వ నియమం. అంటే ఈ దేశంలో మోటార్ సైకిలును ముందుగా ఆల్టరేషన్ చేయించింది కుర్రాళ్లు కాదు, మనమే!

మార్చొద్దనే 52వ సెక్షనులోనే ఇంకో మాటుంది. అంగవైకల్యం ఉన్నవాళ్లకోసం బండిని అనువుగా మార్చుకోవడానికి అనుమతి ఉంది. మర్రిగూడ, మునుగోడు వైపు ఫ్లోరైడు నీళ్లు ఎముకలు వంచేసిన ఊళ్లున్న జిల్లా మాది. పక్కన మరో రెండు చిన్నచక్రాలు బిగించిన బండి మీద ఒక మనిషి తనంతట తాను బజారుకొచ్చి కూరగాయలు కొనుక్కుపోతుంటే, ఆ బండిని పాడుచేశారని ఎవరంటారు?

ఇవేవీ ఆ రోజు షెడ్డులో నాకు తోచలేదు లెండి. ఉస్తాద్ స్పానరు తీసుకుని కాలిపీట బోల్టు మీద పెట్టాడు. అప్పటిదాకా టీ తాగుతూ కూచున్న అమ్మ, "తీస్తే తీయుండ్రి గాని, మరి నేను కాళ్లు ఏడ పెట్టుకోవాలె?" అంది.

డెబ్బై దాటిన మనిషి. బండి ఎక్కి ఎన్నేళ్లయిందో! ఎవరూ మాట్లాడలేదు. ఉస్తాద్ స్పానరు కింద పెట్టేశాడు.

కాసేపటికి మేనల్లుడు మెల్లిగా, "తాత గూడ ఆల్టరేషనే చేయించిండు గద అత్తమ్మా" అన్నాడు.

నిజమే. వాడు గెలిచాడనుకుని తలెత్తాడు కాని, వాడి మాటతో వాడి బొమ్మా చెరిగింది. తాత చేయించిన మార్పులో ఐసు ఫ్లాస్కుకు చోటుంది, కూతురికి చోటుంది, భార్య కాళ్లకు చోటుంది. వీడు చేయించబోయే మార్పులో ఒక్కడికే సీటు. తమ్ముడూ తలవంచుకున్నాడు. ఒక్క బోల్టు తేడా రాకుండా 1971కి పోదామన్నాడు సరే, ఆ ఏడాది ఆ బండిలో మేమెవరం ఉన్నాం? మెరుగు పెట్టిస్తున్నాననుకుంటూ వాడు చెరిపించబోయింది మా నాయిననే. పూర్వరూపం అని ఊరికే అంటాం గాని, ఏ రోజు రూపమో ముందు తేల్చుకోవాలి. కంపెనీ గేటు దాటిన రోజా, డిండి దగ్గర అమ్మ పడ్డ తరవాతి రోజా?

నాకు ఇప్పుడు అర్థమైనంతలో, చెరిపించడమూ మెరుగు పెట్టించడమూ రెండూ మార్పులే. కొలత ఒక్కటే. ఆ మార్పు ఎవరికి చోటిచ్చింది, ఎవరి చోటు తీసేసింది? రాజుగారి కారుకు ఈ ప్రశ్న అక్కర్లేదు. కాంపౌండరు జావాకు కావాలి.

చివరికి ఇంజను విప్పి పిస్టను రింగులు, బేరింగులు మార్పించాం. వైర్లు, టైర్లు కొత్తవి వేయించాం. టాంకులోపలి తుప్పు కడిగించాం. రంగు ముట్టుకోలేదు. ఎండకు వెలిసిన చోట వెలిసినట్టే ఉంది. డబ్బా, జాలీ, రెగ్జిను మెత్త అన్నీ ఉన్నాయి. వింటేజ్ సర్టిఫికెట్టు గురించి తమ్ముడు కొంచెం గింజుకున్నాడు గాని, పాత రిజిస్ట్రేషనే రెన్యూవల్ చేయించుకున్నాడు. బజారుకు పోవడానికి వీల్లేని బండి ఎందుకన్నది అమ్మ వాదన. కాలిపీట చెక్క మాత్రం చెదలు తినేసింది. మేనల్లుడు తుమ్మచెక్క సంపాదించి, పాతదాని కొలత తీసుకుని, రెండు రోజులు కూచుని చిత్రిక పట్టి తనే బిగించాడు. ఇప్పుడది అసలు కాలిపీటేనా, కొత్తదా అని నన్ను అడక్కండి. ఆ ప్రశ్నకు ఇంకో మూడు నెలలు పడుతుంది. వాడి కోత సరదా తీర్చుకోవడానికి ఒక ముక్కలైన రాజ్‌దూత్‌ను తుక్కు దుకాణంలో కొనిచ్చాను, రోడ్డెక్కించకూడదనే షరతు మీద.

కనుమనాడు తమ్ముడు బండి బయటికి తీశాడు. నాలుగో కిక్కుకు అందుకుంది. నీలిపొగ వాకిలంతా కమ్మింది. పక్కింటి ముసలాయన గోడమీంచి తొంగిచూసి, "డాక్టరు సాబు బండేనా?" అన్నాడు. అమ్మ కొంగు నడుముకు చుట్టి దోపుకుని, ఒక పక్కకు కూచుని, రెండు పాదాలూ ఆ చెక్కమీద ఆనించింది. డిండి రోడ్డు మీద చింతచెట్టు దాకా వెళ్లి తిరిగొచ్చారు. నేనూ మేనల్లుడూ వాకిట్లో నిలబడి చూస్తున్నాం.

అమ్మ దిగి, చీర సర్దుకుని, తమ్ముడి వైపు చూసి, "మీ నాయిన గింత నిదానంగ నడపకపోవు" అంది.